స్పానిష్‌లో భవిష్యత్కాలం

స్పానిష్ నేర్చుకుంటున్నవారు భవిష్యత్కాలం అనగానే బెదిరిపోనక్కర్లేదు. ఆ భాషలో ఇంత సులువైన కాలం మరొకటి లేదని నా అభిప్రాయం.

మాట్లాడటం అనే అర్థమున్న 'అబ్లార్' తీసుకోండి. వర్తమానంలోలా చివరి 'ఆర్' తీసేసే పని లేదు. మొత్తం క్రియకే ప్రత్యయం చేర్చాలి. నేను మాట్లాడతాను: అబ్లరే. నువ్వు మాట్లాడతావు: అబ్లరాస్. మనం మాట్లాడతాం: అబ్లరేమోస్. తినడం అనే 'కొమేర్'కీ, జీవించడం అనే 'బిబీర్'కీ ఇవే ప్రత్యయాలు. ఊనిక మాత్రం ఎప్పుడూ ప్రత్యయం మీదే పడాలి. కలిగి ఉండటం అనే 'తెనేర్' తెంద్రేగా, చేయడం అనే 'అసేర్' అరేగా మారినట్టు రూపం మార్చుకునే ముఖ్య క్రియలు ఓ డజను ఉంటాయి. వాటిని కంఠస్థం చేయాల్సిందే.

మనకు బాగా దగ్గరగా ఉండే వాడుక ఇంకొకటుంది. "అన్నయ్య ఈపాటికి ఇంట్లో ఉంటాడు" అన్నప్పుడు మనం రేపటి సంగతి చెప్పడం లేదు, ఊహిస్తున్నాం. స్పానిష్‌లోనూ అంతే. 'ఎస్తరా ఎన్ కాసా' అంటే ఇంట్లో ఉండి ఉంటాడని. 'కె ఓరా సెరా' అంటే టైమెంత అయ్యుంటుందో అని. తెలుగువారికి ఇది ఇట్టే పట్టుబడుతుంది.

రోజువారీ మాటల్లో, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో, 'బోయ్ ఆ అబ్లార్', అంటే 'మాట్లాడబోతున్నాను' అన్న పద్ధతే ఎక్కువ వినిపిస్తుంది. అందుకే రెండూ నేర్చుకోండి. ఈ రాత్రే ఒక క్రియతో మొదలుపెట్టండి.