నాగిన్ నుంచి ఆక్సిజెన్ దాకా: ఇంటి కీబోర్డు మీద పాత సింథ్ సంగీతం



పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం నాగిన్ ట్యూన్ ఎత్తుకోగానే కుర్రాళ్ళు జేబురుమాలు పళ్ళ మధ్య పట్టుకుని పడగ విప్పి ఆడతారు. మన జగ్గయ్యపేటలో, నందిగామలో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో ఈ ఆట చూడనివాళ్ళుండరు. ఆ ట్యూన్ పాములవాడి నాగస్వరానిదనే చాలామంది నమ్మకం. నిజానికి 1954లో వచ్చిన హిందీ సినిమా నాగిన్ కోసం, హేమంత్ కుమార్ సంగీత దర్శకత్వంలో, దాన్ని పలికించింది కల్యాణ్‌జీ. తర్వాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీ జంటలో ఒకరిగా పేరుపడ్డ ఆయనే. వాయించిన వాద్యం క్లేవియోలిన్. కాన్‌స్టాంట్ మార్టిన్ అనే ఫ్రెంచి ఆయన 1947లో తయారుచేసిన చిన్న ఎలక్ట్రానిక్ మెట్ల పెట్టె అది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. అంటే మన బ్యాండు కళాకారులు క్లారినెట్ మీద, ట్రంపెట్ మీద ఇన్ని దశాబ్దాలుగా చేస్తున్నది ఒక ఎలక్ట్రానిక్ నాదాన్ని చెవితో పట్టి తిరిగి కట్టడమే. ఆ పని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. విన్నారు, పట్టుకున్నారు.

ఆ పనినే ఇంట్లో ఉన్న కీబోర్డు మీద ఎలా చేయవచ్చో ఈ పూట చెబుతాను.

ఇంటి కీబోర్డు అంటే నేను చెబుతున్నది అరేంజర్ కీబోర్డు సంగతి. యమహా పీఎస్ఆర్ వరస, క్యాసియో సీటీకే, సీటీఎక్స్ వరసలు మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేవి. మామూలుగా 61 మెట్లు. ఎడమ చేత్తో కార్డ్, అంటే కలిపి నొక్కే స్వరాల గుంపు, పడితే దాన్ని గుర్తించి డ్రమ్స్, బేస్, గిటార్ అన్నీ కలిపి తనే తోడు వాయిస్తుంది. దాన్ని స్టైల్ అంటాం. ఇంట్రో, మెయిన్, ఫిల్లిన్, ఎండింగ్ బటన్లు వేరే ఉంటాయి. కుడి చేత్తో పాట వాయించుకోవాలి. కంచికచర్ల నుంచి చిల్లకల్లు దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో ఏ చర్చికి వెళ్ళినా, ఏ ఆర్కెస్ట్రా స్టేజీ ఎక్కినా ఇదే కనపడుతుంది. ఆర్కెస్ట్రాలో కీబోర్డు ప్లేయరే సగం బలగం. వేణువూ ఆయనే, వీణా ఆయనే, సన్నాయీ ఆయనే. ఆయన ఆ టోన్లు మార్చే వేగం చూస్తే గౌరవం కలుగుతుంది.

అయినా పెద్దవాళ్ళు ఒక మాట అంటుంటారు: "అంతా మిషనే వాయిస్తుంటే మనిషి చేసేదేముంది?" ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇలాంటి అనుమానం ప్రతి కొత్త వాద్యానికీ ఎదురైంది. మన పద్యనాటకానికి ప్రాణం పోసిన హార్మోనియాన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా తన సంగీతానికి దూరంగా ఉంచింది. మెట్ల పెట్టెలో గమకం పలకదు, మన సంగీతం చెడిపోతుంది అన్నారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఆ ముప్పై ఏళ్ళూ ఊళ్ళలో హార్మోనిస్టు నటుడి శ్రుతి చూసుకుని, రాగం అందిస్తూ తన పని తాను చేస్తూనే ఉన్నాడు.

కీబోర్డు గురించిన అనుమానానికి నా జవాబు మాత్రం ప్యారిస్ నుంచి మొదలవుతుంది. 1976లో జాన్ మిషెల్ జార్ అనే యువకుడు తన అపార్ట్‌మెంటులోని వంటగదినే స్టూడియోగా మార్చుకుని, ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద ఆక్సిజెన్ అనే ఆల్బమ్ చేశాడు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన సింథ్, అంటే సింథసైజర్, ఆల్బమ్‌లలో అదొకటి. ఆరు భాగాలు, పాట లేదు, మాట లేదు. అందులో మబ్బులా పరుచుకునే ఆ స్ట్రింగ్స్ నాదం ఎక్కడిది? ఎమినెంట్ 310 అనే వాద్యానిది. అది ప్రయోగశాలలో పుట్టిన మహాయంత్రమేమీ కాదు, హాలండులో కుటుంబాలు ఇంట్లో వాయించుకోవడానికి కొనుక్కునే ఆర్గన్. దాని ధ్వనిని ఫేజర్ అనే చిన్న పెడల్ గుండా పంపాడు, అంతే. ఇక నాలుగో భాగంలో తాళం? కోర్గ్ మినీ పాప్స్ అనే రిథమ్ పెట్టె. అందులో వాల్ట్జ్, రాక్, బోసానోవా అని బటన్లుంటాయి, ఏది నొక్కితే ఆ తాళం వస్తుంది. ఒకేసారి రెండు బటన్లు నొక్కి ఉంచడానికి జార్ వాటి మీద టేపు అంటించాడు. రెండు తయారు తాళాలు కలిసి మూడో తాళం పుట్టింది.

ఇంటి ఆర్గన్, బటన్ నొక్కితే వచ్చే రిథమ్. ఈ రెండూ కలిసిందే మన అరేంజర్ కీబోర్డు. కాబట్టి ఆక్సిజెన్‌ను ఇంటి కీబోర్డు మీద వాయించేవాడు గొప్ప సంగీతాన్ని చిన్న యంత్రంలోకి దించుతున్నాడని నేననుకోను. అది పుట్టిన ఇంటికే తీసుకొస్తున్నాడు.

మన దేశంలో జరిగిన ముచ్చట ఇంకా విశేషమైనది. రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె విడుదల చేసింది. ఒంటరిగా సాధన చేసుకునే గిటార్ కళాకారుడికి బేస్ తోడు ఇవ్వడానికి చేశారు. ఆ పనికి అది నప్పలేదు, మూడేళ్ళకే తయారీ ఆపేశారు. కానీ 1982లో బొంబాయిలో సినిమా వాద్యబృందాల్లో పనిచేసే చరణ్‌జిత్ సింగ్ ఆ పెట్టెను, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని, జూపిటర్-8 సింథసైజర్‌ను దగ్గర పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళానికి కట్టి రికార్డు చేశాడు. భైరవ్, లలిత్, తోడి, యమన్, భూపాలి, మాల్కౌన్స్ ఉన్నాయి అందులో. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1987లో చికాగో కుర్రాళ్ళు అదే టీబీ-303తో యాసిడ్ హౌస్ అనే కొత్త సంగీతం మొదలుపెట్టి లోకాన్ని ఊపేశారు. 2010లో చరణ్‌జిత్ సింగ్ రికార్డు మళ్ళీ విడుదలైనప్పుడు, ఆ ధ్వని ఐదేళ్ళ ముందే బొంబాయిలో మోగిందని అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన చేసింది తన రాగాలు తాను వాయించుకోవడం. ఆయనకు దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కింది.

సరే, ఇప్పుడు చేతిపనిలోకి వద్దాం.

టోన్ ఎంచుకునేటప్పుడు తెరమీది పేరు చూడకండి, ధ్వని ఆకారం వినండి. స్వరం ఒక్కసారిగా మొదలవుతుందా, మెల్లగా లేస్తుందా? మెట్టు మీద వేలుంచినంతసేపూ నిలుస్తుందా, తగ్గిపోతుందా? వేలు తీసేశాక ఎంతసేపు మిగులుతుంది? ఈ మూడూ వినగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం నాదపు రంగు. సింథసైజర్‌లో ముఖ్యంగా రెండు తరంగాలు వినబడుతుంటాయి. ఒకటి రంపపు పన్ను ఆకారంలోది, సాటూత్ అంటారు. అందులో అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు, అంటే అనుస్వరాలు, అన్నీ ఉంటాయి గనుక నిండుగా, కాస్త గరుగ్గా, వయొలిన్‌కీ ట్రంపెట్‌కీ దగ్గరగా ఉంటుంది. రెండోది చదరపు తరంగం, స్క్వేర్. దాంట్లో బేసి అనుస్వరాలే ఉంటాయి, అందుకే క్లారినెట్‌లా డొల్లగా పలుకుతుంది. 1991లో కంపెనీలన్నీ ఒప్పుకున్న జనరల్ మిడీ పట్టికలో 128 టోన్లున్నాయి. అందులో 81వది స్క్వేర్ లీడ్, 82వది సాటూత్ లీడ్. దాదాపు ప్రతి కీబోర్డులోనూ ఈ పట్టిక ఉంటుంది. నూరు టోన్లు తిప్పి చూసేకన్నా ఈ రెంటి మధ్య తేడా చెవికి ఎక్కేదాకా వినడం మేలు.

తర్వాతది ఫిల్టర్. తలుపు మూసి ఉండగా వీధిలో తిరునాళ్ళ మైకు మోగితే మంద్రం మాత్రం ధమ్ ధమ్‌మంటూ వినబడుతుంది, తలుపు తీసేకొద్దీ తాళాలూ గొంతులూ స్పష్టమవుతాయి. సింథ్ సంగీతంలో వావ్ అంటూ విచ్చుకునే స్వరాలన్నీ ఈ తలుపు తీసి మూయడమే. కొన్ని కీబోర్డులకు దీనికోసం కటాఫ్ అని నాబ్ ఉంటుంది. ఉంటే అదే మీ అసలు ఆస్తి.

ఒక రహస్యం చెబుతాను. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్ గానీ, జూపిటర్-8 గానీ వేలి ఒత్తిడిని పట్టించుకోవు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. మన కీబోర్డుల్లో చాలావరకు మెట్టు నొక్కే వేగాన్ని బట్టి ధ్వని పెంచుతాయి. అందుకని ఆ కాలపు లీడ్, అంటే ముందు నడిచే ట్యూన్, వాయించేటప్పుడు టచ్ అనే ఆ ఏర్పాటు ఆపేయండి. మినీమూగ్ ఒకసారికి ఒక్క స్వరమే ఇస్తుంది కాబట్టి ఒక మెట్టు మీద నుంచి వేలు ఎత్తాకే ఇంకో మెట్టు తొక్కండి. ఈ రెండు మార్పులతోనే ట్యూన్ సగం పాతదై వినిపిస్తుంది. ఖరీదైన కీబోర్డు కొన్నా ఇవి చేయకపోతే రాదు.

ఉదాహరణకి బెవర్లీ హిల్స్ కాప్ అనే 1984 సినిమాకి హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్ చేసిన ఆక్సెల్ ఎఫ్ తీసుకోండి. వాద్యాలు ఐదే. లీడ్ జూపిటర్-8ది, బేస్ మూగ్ మాడ్యులర్‌ది, మధ్యలో టక్కున పడే కార్డులు రోలాండ్ జేఎక్స్-3పీవి, మరింబా యమహా డీఎక్స్ 7ది, డ్రమ్స్ లిన్‌డ్రమ్‌వి. హార్మోనియం తెలిసినవాళ్ళకు చెప్పాలంటే నాలుగు శ్రుతిలో నఠభైరవి స్వరాల మీద నడుస్తుంది. టెంపో 117 దగ్గర పెట్టండి. ఇక్కడ ఆటో కార్డ్ పనికిరాదు. స్టైల్‌లోని బేస్ తన దారిన తాను పోతుంది, ఈ ట్యూన్‌కి దాని సొంత బేస్ ఉంది, అదే దాని వెన్నెముక. కాబట్టి కార్డ్ తోడు ఆపి డ్రమ్స్ ఒక్కటే ఉంచి, సాంగ్ రికార్డింగ్‌లో ముందు సింథ్ బేస్ ఒక ట్రాకులో వాయించండి. తర్వాతి ట్రాకులో మరింబా. ఆ తర్వాత కార్డులు. చివరికి, రెండు చేతులూ ఖాళీ అయ్యాక, సాటూత్ లీడ్. ఒక్కో వరస విడిగా వాయించాకే తెలుస్తుంది, వాటిలో ఏదీ కష్టమైనది కాదని, అవి ఒకదాని ఖాళీలో ఒకటి పడటంలోనే అంతా ఉందని.

ఆక్సిజెన్‌కి సింథ్ స్ట్రింగ్స్ టోన్ తీసుకుని, ఫేజర్ ఎఫెక్ట్ ఉంటే ఫేజర్, లేకపోతే కోరస్ వేయండి. గాలి హోరుకు జనరల్ మిడీలో 123వ టోన్, సముద్రతీరం. ఎవరూ ముట్టుకోని ఆ టోన్‌కి పని దొరికేది ఇక్కడే.

అందని చోటూ ఉంది. 1981లో చారియట్స్ ఆఫ్ ఫైర్ సంగీతం చేసిన వాంగెలిస్‌కి యమహా సీఎస్-80 అంటే ప్రాణం. ఇద్దరు ముగ్గురు పడితేగాని లేవని ఆ వాద్యంలో, నొక్కిన మెట్టును ఇంకాస్త అదిమితే ఆ ఒక్క స్వరమే పొంగుతుంది, పక్క స్వరాలు కదలవు. మన ఇంటి కీబోర్డులో ఆ ఏర్పాటు లేదు. తోడు వరసలు ముందే రికార్డు చేసుకుని, ఎడమ చేతిని బెండ్ చక్రం మీదా వాల్యూమ్ మీదా పెట్టుకోవడమే దగ్గరి దారి. గమకం అలవాటున్న చేతికి ఇది త్వరగా పట్టుబడుతుంది.

మన సినిమా సంగీతంలోకి ఈ ధ్వనులు 1980లలో వచ్చాయి. రాజ్–కోటి బృందంలో కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్. 1986లో ఇళయరాజా తమిళ చిత్రం పున్నగై మన్నన్‌కి సీక్వెన్సర్, అంటే ముందే నమోదుచేసిన స్వరాలను తనే వాయించే యంత్రం, వాడి సంగీతం చేశారు, అది తెలుగులో డాన్స్ మాస్టర్‌గా వచ్చింది. మన ఆర్కెస్ట్రాల వాళ్ళు ఆ కాలపు పాటల మధ్య వచ్చే బిట్లను స్టేజి మీద చెవితోనే దించారు. ఆ ప్లేయర్లు ఇప్పటికీ జగ్గయ్యపేట, నందిగామల్లో ఉన్నారు. వాళ్ళకు తెలిసిన టోన్ల కిటుకులు ఏ పుస్తకంలోనూ లేవు. పిల్లలు వెళ్ళి అడగాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఒక తేలిక దారి. డిస్కో స్టైల్ పెట్టి, కార్డ్ ఆపి, డ్రమ్స్ మాత్రం ఉంచండి. కుడి చేయి నల్ల మెట్లు దాటకూడదు. నాలుగున్నర శ్రుతి మెట్టును షడ్జం చేసుకుంటే ఐదు నల్ల మెట్లూ మోహన. ఆరున్నర మెట్టును షడ్జం చేసుకుంటే అవే ఐదు మెట్లు హిందోళం. భూపాలి, మాల్కౌన్స్ అని చరణ్‌జిత్ సింగ్ వాయించినవి ఈ రెండే. స్క్వేర్ లీడ్ టోన్‌తో, టచ్ ఆపి, తోచినట్టు వాయించుకోండి.

పిల్లలకు కీబోర్డు కొనిచ్చిన తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. నాలుగు నెలలు క్లాసుకు పంపి, ఆ తర్వాత కవరు తొడిగి బీరువా మీద పెట్టేయకండి. కిందికి దించండి. అడాప్టర్ పాడైతే సెల్సు వేయండి, చాలా మోడళ్ళు వాటితోనూ నడుస్తాయి. పిల్లవాడికి నచ్చిన ఒక్క ట్యూన్ వినిపించి, ఇందులో బేస్ ఎక్కడుందో చెప్పమని అడగండి. చెప్పేదాకా పక్కన కూర్చోండి.