బీటిల్స్ దినచర్యా, మన బడి రిజిస్టరూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘నాకు నచ్చిన పుస్తకం’ గురించి పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మన తెలుగు మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు కాబట్టి ఏ భారతమో, ఏ మాలపల్లో ఎత్తుకుంటాననుకుని ఉంటారు. క్షమించాలి. నేను తెచ్చింది ఇంగ్లీషు పుస్తకం. అది కథ కాదు, కవిత్వం కాదు. చూడ్డానికి కరణంగారి లెక్కల పుస్తకంలా ఉంటుంది. తేదీ, చోటు, వేళ, ఎవరెవరు వచ్చారు, ఏం చేశారు, ఎన్నింటికి వెళ్ళారు, అంతే. పేరు ‘ది కంప్లీట్ బీటిల్స్ క్రానికల్’. రాసినాయన మార్క్ లూయిసన్. 1992లో అచ్చయింది.

బీటిల్స్ అంటే తెలియని చిన్నవాళ్ళ కోసం ఒక్క మాట. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవు పట్టణం. అక్కడి నలుగురు కుర్రాళ్ళు జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. 1962లో మొదటి రికార్డు ఇచ్చారు, 1970లో విడిపోయారు. ఎనిమిదేళ్ళు. అంటే ఒక పిల్లాడు మూడో తరగతిలో చేరి పదో తరగతి పాసయ్యేంత కాలం. ఆ కాస్త కాలంలోనే ప్రపంచమంతా వాళ్ళ పాట పాడింది.

అలాంటి వాళ్ళ గురించి పుస్తకాలకేం కొదవ? బోలెడు వచ్చాయి. వాటిలో చాలావరకు జ్ఞాపకాల మీద ఆధారపడినవి. ‘నేను అక్కడే ఉన్నాను’ అనే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసినవి. లూయిసన్ వేరే దారి పట్టాడు. ఆయన 1958లో పుట్టాడు. బీటిల్స్ విడిపోయేనాటికి ఇంకా బడికి వెళ్ళే పిల్లాడు. అంటే ‘నేను అక్కడే ఉన్నాను’ అనే అవకాశం ఆయనకి లేదు. కాబట్టి కాగితాలు వెదికాడు. పాత వార్తాపత్రికలు, కచేరీల ప్రకటనలు, ఒప్పంద పత్రాలు తిరగేశాడు. ముందు 1986లో వాళ్ళ కచేరీల జాబితాతో ఒక పుస్తకం వేశాడు. తర్వాత రికార్డింగ్ కంపెనీవాళ్ళు అబే రోడ్ స్టూడియోలో దాచి ఉంచిన అసలు టేపులు వినడానికి ఆయనకి అనుమతి ఇచ్చారు. ఆ టేపులు విని, వాటి పెట్టెల మీది రాతలు చదివి, 1988లో ‘ది కంప్లీట్ బీటిల్స్ రికార్డింగ్ సెషన్స్’ వేశాడు. ఈ రెండింటికీ రేడియో, టీవీ, సినిమా వివరాలు చేర్చి, ముందు దొర్లిన పొరపాట్లు దిద్దుకుని, రోజువారీ లెక్కగా కట్టినదే నా చేతిలో ఉన్న ఈ పుస్తకం.

‘తేదీల్లో ఏముందయ్యా రసం?’ అంటారేమో. మచ్చుకి ఒక రోజు చెబుతాను.

1963 ఫిబ్రవరి 11, సోమవారం. ఉదయం పదింటికి నలుగురూ స్టూడియోలో అడుగుపెట్టారు. మొదటి ఎల్‌పీ రికార్డుకి మొత్తం పధ్నాలుగు పాటలు కావాలి. నాలుగు అంతకుముందే ఉన్నాయి. మిగతా పది ఆ ఒక్కరోజులో కావాలి. జాన్‌కి బాగా జలుబు. మధ్యాహ్నం స్టూడియో సిబ్బంది భోజనానికి వెళ్ళారు. వీళ్ళు వెళ్ళలేదు, అక్కడే ఉండి సాధన చేసుకున్నారు. రాత్రి పదకొండు కావస్తుండగా చివరి పాట మిగిలింది. ‘ట్విస్ట్ అండ్ షౌట్’, గొంతు చించుకుని పాడాల్సిన పాట. జాన్ గొంతులో ఇంకొక్కసారి పాడేంత సత్తువే ఉంది. మొదటిసారి పాడిందే రికార్డులోకి వెళ్ళింది. రెండోసారి మొదలుపెట్టారు గానీ, గొంతు పోయింది. ఈ పుస్తకంలో ఇదంతా ఒక వర్ణనా, ఒక విశేషణమూ లేకుండా ఉంటుంది. అయినా చదివాక ఆ పాట మళ్ళీ వింటే, ఆ బొంగురు గొంతులో పన్నెండు గంటల పని వినిపిస్తుంది. తేదీ, వేళ, ఎన్నోసారి పాడారు అన్న మూడు ముక్కలు చేసిన పని అది.

ఇక జ్ఞాపకం సంగతి. జాన్, పాల్ మొదటిసారి కలిసింది లివర్‌పూల్ శివారు వూల్టన్‌లో, ఒక చర్చి తిరునాళ్ళలో. అంత ముఖ్యమైన రోజు కదా, అందరికీ గుర్తుంటుందనుకుంటాం. మొదట్లో వచ్చిన పుస్తకంలో అది 1956 అని పడింది. అసలు తేదీ 1957 జులై 6. స్థానిక పత్రికలో ఆ తిరునాళ్ళ కార్యక్రమం అచ్చై ఉంది. అంతేకాదు, ఆ సాయంత్రం ఒక కుర్రాడు తన టేపు రికార్డరులో జాన్ బృందం పాటలు కాస్త పట్టాడు. ఆ టేపు ముప్ఫై ఏడేళ్ళ తర్వాత, 1994లో, లండన్‌లో వేలానికి వచ్చింది. మనిషి ఒక ఏడాది అటూ ఇటూ అయ్యాడు గానీ కాగితం కాలేదు. జ్ఞాపకం అబద్ధం చెబుతుందని నేననను. ప్రేమకొద్దీ కాస్త సర్దుకుంటుంది.

మరో ఉదాహరణ. వాళ్ళ మొదటి రికార్డు పాట ‘లవ్ మీ డూ’. ఆ ఒక్క పాటకి మూడు తేదీల్లో ముగ్గురు డ్రమ్ములు వాయించారు. 1962 జూన్ 6న అప్పటి డ్రమ్మర్ పీట్ బెస్ట్. సెప్టెంబరు 4న కొత్తగా చేరిన రింగో. సెప్టెంబరు 11న కంపెనీ పిలిపించిన ఆండీ వైట్ అనే వాద్యకారుడు. ఆ రోజు రింగో చేతికి టాంబురిన్ ఇచ్చారు. మొదట బజారుకొచ్చిన రికార్డులో ఉన్నది రింగో, తర్వాత ఎల్‌పీలో ఉన్నది ఆండీ వైట్. గుర్తుపట్టడం ఎలాగంటే, టాంబురిన్ వినబడితే డ్రమ్ము రింగోది కాదు! ఏళ్ళ తరబడి ఆ పాట విన్నవాళ్ళలో ఎంతమందికి ఆండీ వైట్ పేరు తెలుసు? రికార్డు అట్ట మీద లేదు. స్టూడియో లెక్కలో ఉంది. లెక్క రాసినవాడికి ఆయన గొప్పవాడా కాదా అన్నది అనవసరం. ఆ రోజు వచ్చాడు, వాయించాడు, కాబట్టి పేరు రాశాడు.

అసలు ఈ పుస్తకం నాకు ఎందుకు నచ్చిందో ఇప్పుడు చెబుతాను.

బీటిల్స్ పాటల్లో మన దేశపు వాద్యాలు వినిపిస్తాయి. జార్జ్ హారిసన్‌కి సితార్ మీద మోజు. 1966 ఏప్రిల్‌లో ‘లవ్ యూ టూ’ అనే పాటకి అనిల్ భగవత్ తబలా వాయించారు. ఆ ఎల్‌పీ అట్ట మీద ఆయన పేరు వేశారు. కానీ మరుసటి ఏడు, 1967 మార్చి 15న ‘వితిన్ యూ వితౌట్ యూ’ రికార్డు చేసినప్పుడు దిల్‌రుబా, తంబురా, తబలా వాయించిన భారతీయుల పేర్లు అట్ట మీద లేవు. లండన్‌లో ఉంటూ సంగీతం మీద ప్రేమతో వాయించేవాళ్ళు వాళ్ళు. వచ్చారు, వాయించారు, ఇంటికి వెళ్ళారు. ఆ రికార్డు కోట్లలో అమ్ముడుపోయింది. యాభై ఏళ్ళ తర్వాత, 2017లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్ళు వెదికి ఆ నలుగురినీ మళ్ళీ లోకం ముందుకి తెచ్చారు. అన్నా జోషి, అమృత్ గజ్జర్, బుద్ధదేవ్ కన్సారా, నట్వర్ సోని. ఆ పేర్లు ఈ సభలో పైకి చదవాలనిపించింది, చదివాను.

1968 జనవరి 12న బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో కూడా ఒక బీటిల్స్ పాటకి వాద్యం రికార్డయింది. ‘ది ఇన్నర్ లైట్’. వాయించింది మనవాళ్ళు. గొంతు తర్వాత లండన్‌లో కలిపారు. బీటిల్స్ పాట ఒకటి మన దేశంలో సగం తయారైందని తేదీతో సహా రాసిపెట్టినవాళ్ళు లేకపోతే, ‘ఏదో విన్నాం’ అన్న స్థాయిలోనే ఉండిపోయేది.

మన ఇంటి సంగతి మాత్రం? పాత సినిమా పాటల రికార్డు మీద గాయకుడి పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరుంటుంది. ఆ పాటలో మన గుండె పిండేసిన వయొలిన్ ఎవరిది, వేణువు ఎవరిది? మద్రాసు స్టూడియోలకి పొద్దున్నే వాయిద్యం చంకన పెట్టుకుని వెళ్ళినవాళ్ళు వందల్లో ఉన్నారు. రికార్డు మీద వాళ్ళ పేరు లేదు. పాట మాత్రం మనందరిదీ.

ఇప్పుడు మన బడికి వస్తాను. ఈ పుస్తకం పట్టుకుని ఇంత దూరం వచ్చింది అందుకే.

ఈ సంచికలో వేయడానికి పాత గ్రూపు ఫోటోలు పంపమంటే నేనూ ఒకటి తీశాను. మా పదో తరగతి ఫోటో. కింద అట్ట మీద అందంగా రాసి ఉంది: కూర్చున్నవారు, నిలుచున్నవారు, ఎడమ నుంచి కుడికి. అందరి పేర్లూ ఉన్నాయి, ఇంటిపేర్లతో సహా. కుడి చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆయన దగ్గర మాత్రం ‘అటెండరు’ అని ఉంది. మనందరికీ గంట కొట్టినవాడు. ఆలస్యంగా వస్తే గేటు ఓరగా తెరిచి లోపలికి పంపినవాడు. నేను మా తరగతివాళ్ళకి పదకొండు మందికి ఫోన్ చేశాను. అందరికీ ఆయన గుర్తున్నాడు, ఆయన నడక గుర్తుంది, తిట్టే తిట్టు గుర్తుంది. ఆయన పేరు మాత్రం ఒక్కరికీ గుర్తులేదు. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు కాదన్నారు. మంచినీళ్ళ కుండల దగ్గర కూర్చునే అవ్వని ‘అవ్వా’ అనే పిలిచాం. ఆమెకి వేరే పేరుంటుందన్న ఆలోచనే మనకి రాలేదు.

నిన్న సాయంత్రం ప్రధానోపాధ్యాయురాలి అనుమతి తీసుకుని పాత రికార్డు గదిలోకి వెళ్ళాను. అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. జీతాల పట్టీలు కొన్ని ఉన్నాయి. కింది అరలో ఉన్నవాటికి చెదపట్టింది. ఒక కట్ట పట్టుకుంటే చేతిలో పొడైంది. పొడైన కట్టలో ఏ ఏళ్ళున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు. మిగిలిన జీతాల పట్టీ ఒకదానిలో గంట కొట్టినాయన పేరు ఉంటుందన్న ఆశతో తిరగేశాను. దొరకలేదు. ఇంకా రెండు కట్టలు విప్పాల్సి ఉంది.

అందుకే మన సంఘానికి ఒక మనవి. యాభై ఏళ్ళ పండుగకి మనం గేటు కడుతున్నాం, రంగులు వేయిస్తున్నాం. సంతోషం. వాటితోపాటు ఒక దినచర్య పుస్తకం కడదాం. లూయిసన్ పద్ధతే. మొదటి గడిలో తేదీ. రెండో గడిలో ఏం జరిగింది, ఎవరెవరు ఉన్నారు. మూడో గడిలో అది మనకి ఎలా తెలిసింది, రిజిస్టరా, ఫోటోనా, ఉత్తరమా, లేక ఎవరైనా చెప్పిందా. చెప్పిందయితే చెప్పినవారి పేరు. తెలియని చోట ‘తెలియదు’ అని రాద్దాం, ఊహించి నింపవద్దు. తప్పని తేలితే కొట్టేసి దిద్దుదాం. అందులో సిగ్గేమీ లేదు. లూయిసన్ అచ్చైన పుస్తకాన్నే దిద్దుకున్నాడు.

పని పెద్దదేమీ కాదు. ముందు చెదలు పట్టనివాటిని ఎండబెట్టి, ఫోన్లతో ఫోటోలు తీయించాలి. కుర్రాళ్ళు ఆ పని చేయగలరు. పెద్దవాళ్ళం మన అటకల మీది ఫోటోలు దించి, పేర్లు పెన్సిల్‌తో వెనక రాయాలి. అన్నిటికంటే ముందు, ఎనభై దాటిన గురువుల దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. కాగితం ఇంకో ఏడాది ఆగుతుందేమో. వాళ్ళని ఆగమని అడిగే హక్కు మనకి లేదు.

పేరున్నవాళ్ళ గురించి ఎలాగూ అందరూ రాస్తారు. బీటిల్స్ నలుగురి పేర్లూ ఈ పుస్తకం లేకపోయినా నిలిచేవి. ఆండీ వైట్ పేరు నిలవడానికి మాత్రం ఎవరో ఒకరు ఆ రోజు లెక్క రాయాల్సి వచ్చింది. మన బడిలో చదివి పెద్ద పదవుల్లోకి వెళ్ళినవారి పేర్లు ఈ సంచికలో మొదటి పేజీలోనే ఉన్నాయి, ఉండాలి కూడా. ఫోటోలో కుడి చివర నిలబడ్డ ఆయన పేరు కనుక్కునే పని మనది.

ఈ సభలో ఎవరికైనా ఆయన పేరు తెలిస్తే, కిందికి దిగాక నాకు చెప్పండి. చెప్పినవారి పేరుతో సహా రాసుకుంటాను. పుస్తకం మొదటి పేజీలో మొదటి గడి అదే అవుతుంది.