గీత గీసేటప్పుడు మమ్మల్ని అడిగిండ్రా?

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రం వచ్చింది కదా, ఇంకా ఈ సరిహద్దుల ముచ్చట ఎందుకని కొందరు అడుగుతున్నరు. మేము చెప్పేది ఒక్కటే. మనం దశాబ్దాలు కొట్లాడింది ఒక గీత మీద. మనలను అడగకుండా గీసిన గీత మీద. ఢిల్లీ గీసినా, హైదరాబాద్ గీసినా, ఆ గీత కింద బతికేటోళ్లను అడగాలన్నదే మన ఉద్యమం నేర్పిన పాఠం.

1955లో ఫజల్ అలీ కమిషన్ ఏం చెప్పింది? తెలంగాణను 1961 ఎన్నికల దాకా హైదరాబాద్ రాష్ట్రంగనే ఉంచాలె, ఆ తర్వాత ఆ శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలె అన్నది. ఆ షరతును మూలకు పడేసి 1956 నవంబర్ 1న కలిపిండ్రు. 1969లో బిడ్డలు నేలకొరిగింది, 2009 తర్వాత యూనివర్సిటీలు మండింది ఆ ఒక్క తప్పు వల్లనే.

ఇక రాజ్యాంగంలోని మూడో అధికరణం చూడండి. రాష్ట్రాల సరిహద్దు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, అది ఒప్పుకోవాల్సిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మన బిల్లును తిప్పికొట్టింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. మెజారిటీ చేతిలో చిక్కిన ప్రాంతానికి ఆ అధికరణమే తొవ్వ చూపింది. కాదనలేం. కానీ అదే అధికరణం రెండో వైపు నుంచి కూడా కోసింది. రాష్ట్రం పుట్టకముందే, 2014 మే నెలలో ఆర్డినెన్సు తెచ్చి, జులైలో చట్టం చేసి, ఖమ్మం జిల్లాలోని ముంపు మండలాలను పోలవరం పేరు మీద అవతలికి ఇచ్చిండ్రు. భద్రాచలం పట్టణం ఇక్కడ, దాని పక్కనే ఉన్న ఎటపాక అక్కడ. గుడి ఇక్కడ, గుడి భూములున్న పురుషోత్తపట్నం అక్కడ. ఊరు విడిచి పోవాల్సిన ఆదివాసీని ఏ రాష్ట్రంలో ఉంటవని ఎవరు అడిగిండ్రు?

అది ఢిల్లీ సంగతి. మరి మన సొంత రాష్ట్రంలో మన చట్టాలు ఎట్లున్నయి? ఈ లెక్క కూడా తియ్యాలె.

జిల్లాలు, రెవెన్యూ డివిజన్లు, మండలాల గీతలు మార్చేది 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టింది, మనకు వారసత్వంగా వచ్చింది. ప్రభుత్వం ముందు ముసాయిదా నోటిఫికేషన్ ఇవ్వాలె, అభ్యంతరాలకు 30 రోజులు గడువు పెట్టాలె, వచ్చినవాటిని పరిశీలించి తుది నోటిఫికేషన్ ఇయ్యాలె. విస్తీర్ణం, జనాభా, చారిత్రక సంబంధం, భౌగోళిక అనుసంధానం చూడాలని నిబంధనలు చెప్తయి. ఎంత విస్తీర్ణం, ఎంత జనాభా అన్న కొలత మాత్రం లేదు. గ్రామసభ తీర్మానం అక్కర లేదు. పరిశీలించాలె అన్నదే ఉన్నది, ఒప్పుకోవాలె అన్నది లేదు.

2016 ఆగస్టు 22న 27 జిల్లాలతో ముసాయిదా వచ్చింది. అందులో జనగామ లేదు, గద్వాల లేదు, సిరిసిల్ల లేదు, ఆసిఫాబాద్ లేదు. ఆ ఊర్లు ఊరుకున్నయా? బందులు, ధర్నాలు, రాస్తారోకోలు చేసినయి. అక్టోబర్ 11న దసరా నాడు 31 జిల్లాలు వచ్చినయి, ఆ నాలుగూ అందులో ఉన్నయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయినయి. దీంట్ల మనకు రెండు సంగతులు తెలుస్తున్నయి. ఒకటి, జిల్లా కేంద్రం దగ్గరికి రావడం మంచిదే. ఒకనాడు ఆసిఫాబాద్ అడవిలోంచి ఆదిలాబాద్ పోయి కలెక్టర్‌ను కలవాలంటే ఒక రోజు కూలి పోయేది. రెండు, కాగితం మీద ఇచ్చిన అభ్యంతరంతో పని కాలేదు, రోడ్డెక్కితే అయింది. రోడ్డెక్కే బలం లేని తండా సంగతేంది? గూడెం సంగతేంది? చట్టం ఉండాల్సింది వాళ్ల కోసం కాదా?

ఉద్యోగులారా, ఈ గీత మీ ఇంట్లకు ఎట్ల వచ్చిందో మీకు చెప్పాల్సిన పని లేదు. 371-డి కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు పాత జిల్లాల మీద నిలబడి ఉండె. జిల్లాలు మారినంక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేండ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు, ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే అన్నరు. మంచిదే, మనం కోరుకున్నదే. కానీ 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చింది. పాత జిల్లాల ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు పంచిండ్రు. పంచింది సీనియారిటీ మీద, స్థానికత మీద కాదు. పుట్టి పెరిగిన జిల్లా విడిచి జూనియర్ టీచరు పరాయి జిల్లాకు పోవాల్సి వచ్చింది. ‘స్థానికత’ అన్న మాట కోసమే ముల్కీ ఉద్యమం నుంచి కొట్లాడిన గడ్డ మీద స్థానికతే లెక్కకు రాలేదు! 2016లో గీత గీసిన నాడే, ఈ గీతతో ఉద్యోగి ఎటు పోతడని చట్టం అడిగి ఉంటే ఈ గోస తప్పేది.

పట్నం సంగతి చూడండి. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ చుట్టున్న 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేసిండ్రు. కుత్బుల్లాపూర్, ఎల్బీ నగర్, ఉప్పల్, మల్కాజిగిరి అన్నీ పోయినయి. కొత్త పాలకమండలికి ఎన్నికలు ఎప్పుడు? 2009 నవంబర్‌లో. రెండున్నరేండ్లు అధికారుల రాజ్యం. అప్పుడు పాలకులు వేరు అనుకున్నం. 2025 డిసెంబర్‌లో మన ప్రభుత్వమే ఔటర్ రింగు రోడ్డు చుట్టున్న 27 పురపాలికలను మళ్లీ అట్లనే కలిపింది. ఆ పట్టణాల జనం ఓటుతో చెప్పిన మాట ఏ కాగితం మీద ఉన్నది?

పల్లె మున్సిపాలిటీలో కలిస్తే పోయేది బోర్డు ఒక్కటే కాదు. సర్పంచ్ పోతడు, గ్రామసభ పోతది, ఉపాధి హామీ పని పోతది, ఇంటి పన్ను మాత్రం పెరుగుతది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఊరి హద్దు మార్చేముందు ఆ పంచాయతీ తన అభ్యంతరం చెప్పుకునే వీలుండె. 2018 చట్టం వచ్చినంక పంచాయతీల జాబితాను చట్టానికే షెడ్యూలుగా జతచేసిండ్రు. ఇప్పుడు ఊరిని మార్చాలంటే అసెంబ్లీలో సవరణ చేస్తే సరి. ఊరును అడిగే ఆ చిన్న గడప కూడా పోయింది.

అదే 2018 చట్టం ఒక గొప్ప పని కూడా చేసింది, దాన్ని దాచొద్దు. వేల తండాలు, గూడేలు పంచాయతీలైనయి. మొత్తం 12 వేల ఏడు వందలు దాటినయి. లంబాడా బిడ్డ సర్పంచ్ కుర్చీల కూర్చున్నడు. కానీ 2024 ఫిబ్రవరిలో వాళ్ల గడువు తీరితే, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేండ్లు స్పెషల్ ఆఫీసర్లే. గీత గీసి ఇచ్చిన రాజ్యాన్ని ఎన్నికలు పెట్టకుండా ఖాళీగా ఉంచితే అది ఎవరి రాజ్యం?

అందుకని మేము నాలుగు మాటలు అడుగుతున్నం. ఒకటి, ఊరు, మండలం, జిల్లా గీత మార్చేముందు గ్రామసభ, వార్డు సభ తీర్మానం తప్పనిసరి కావాలె. రెండు, అభ్యంతరాన్ని తోసిపుచ్చితే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలె. మూడు, విలీనమైన ఆరు నెలల్లోపు ఎన్నికలు జరగాలె. నాలుగు, గీత మారితే ఉద్యోగి స్థానికతకు మొదటి లెక్క ఉండాలె. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 1955లో ఫజల్ అలీ తెలంగాణకు ఇయ్యమన్న హక్కును మన పల్లెకు ఇయ్యమంటున్నం, అంతే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ ఊరి మీద నోటిఫికేషన్ వస్తే గెజిట్ తెచ్చి చదవండి. రోజులు లెక్కపెట్టండి. గ్రామసభ పెట్టి తీర్మానం రాయించండి, నకలు దగ్గర ఉంచుకోండి. అడగకుండా కలిపితే ఏమైతదో ఈ దేశానికి చూపించినోళ్లం మనం. అదే తప్పు మన చేతులతో జరగనిద్దామా?

జై తెలంగాణ!