సొరంగంలో కూలికి కుర్చీ



2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాల్వ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కప్పు కూలి, బురద, నీళ్లు ముంచెత్తి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ నుంచి వచ్చినవాళ్లు. ఎన్నో వారాలు వెతికితే ఇద్దరి మృతదేహాలే దొరికాయి. నల్గొండ ఫ్లోరైడ్ నేలకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. ఆ ఎనిమిది మంది స్మృతిలో, ఇదే నేల మీది మర్రిగూడలో మాట్లాడుకోవడం మన బాధ్యత.

ఆ బురదలో దిగి వెతికినవాళ్లలో సింగరేణి రెస్క్యూ కార్మికులూ ఉన్నారు. పని స్థలంలో ప్రాణరక్షణ గురించి యాజమాన్యం, కార్మికుడు ఒకే బల్ల దగ్గర కూర్చునే పద్ధతి మన నేల మీద బాగా వేరూనింది వాళ్ల గనుల్లోనే.

ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. దేవూరి శేషగిరి వంటి కార్మిక నాయకులు అక్కడ సంఘం కట్టడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1958 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని చినకూరి గని పేలి 170 మందికి పైగా చనిపోయాక, ఆ ఏడాదే ప్రభుత్వం, యజమానులు, సంఘాలు కలిసి గనుల భద్రతా మహాసభ జరిపారు. 1975లో చస్నాలా గనిని నీళ్లు ముంచి 375 మందిని మింగాయి. 1980ల్లో నిబంధన గట్టిపడింది: వంద మందికి మించి పనిచేసే గనిలో సేఫ్టీ కమిటీ, ఐదు వందల మంది ఉంటే సంఘాన్ని సంప్రదించి ఎంచిన ముగ్గురు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు.

ఈ ఇన్‌స్పెక్టరు తోటి కార్మికుడే. గని బాయి దిగి కప్పు చూస్తాడు, గాలి చూస్తాడు, యంత్రాలు చూస్తాడు. కనిపించిన లోపాన్ని రిజిస్టర్లో రాస్తాడు. ఏం సరిచేశారో, ఎప్పుడు సరిచేశారో మేనేజరు అదే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. కూలి రాసిన మాటకు అధికారి రాతపూర్వకంగా జవాబు చెప్పడం చిన్న విషయం కాదు.

అంత ఉన్నా 2003 జూన్‌లో గోదావరిఖనిలో పాత పనుల్లో నిలిచిన నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. కమిటీ ఉన్నంత మాత్రాన ప్రాణానికి హామీ లేదు. కానీ అక్కడ నిలదీయడానికి సంఘం ఉంది. 1998 నుంచి రహస్య ఓటుతో గెలిచిన సంఘం ఉంది. పర్మినెంటు కార్మికుడికి రేపు కూడా పని ఉంటుంది కాబట్టే అతని నోరు లేస్తుంది.

మన పాలమూరు వలస కూలీ సంగతి వేరు. డ్యాములు, కాల్వలు, నగరాలు కట్టాడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లినవాడు కప్పు బాగాలేదని ఎవరికి చెబుతాడు? 1996 నిర్మాణ కార్మికుల చట్టం ఐదు వందల మంది ఉన్న ప్రతి చోటా సేఫ్టీ కమిటీ ఉండాలంది, అందులో కార్మికుల సంఖ్య యజమాని మనుషుల కంటే తగ్గరాదంది. ఎంత మంచి మాట! కాని ఆరు నెలలకో ఊరు మారే మనిషి తన ప్రతినిధిని ఎలా ఎన్నుకోవాలో అందులో దారి లేదు.

ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి భద్రతా కోడ్ వచ్చింది. కమిటీ పెట్టాలని యజమానిని ఆదేశించే అధికారం అది ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి మనం అడగాల్సింది ప్రభుత్వాన్నే. మన డిండి ఎత్తిపోతల పనులతో సహా సొరంగాలన్నిటికీ, రిజర్వాయర్లన్నిటికీ ఆ ఆదేశం ఇవ్వాలి. కాంట్రాక్టు కూలీకి కమిటీలో చోటుండాలి. రిజిస్టరు తెలుగులోనే కాదు, అక్కడ పనిచేసేవాళ్లు మాట్లాడే హిందీలోనూ ఉండాలి. శివన్నగూడెం రిజర్వాయరు కట్ట మీద పనిచేసేవాళ్లను కలిసి, మీ దగ్గర సేఫ్టీ కమిటీ ఉందా, అందులో మీ తరఫున ఎవరున్నారని ముందుగా మనమే అడుగుదాం.