కాయగూరల తోటకు ఎరపైరు

కాయగూరల తోట వేయువారికి పురుగుల బాధ క్రొత్తది కాదు. పురుగు కనబడిన పిమ్మట తోటయంతటను మందు చల్లుట అందరును చేయుచున్న పనియే. అయితే గ్రుడ్లు పెట్టవచ్చిన రెక్కలపురుగు దొరికిన మొక్కమీదనెల్ల వ్రాలునది కాదు. వాసనను బట్టియు, ఆకును పూవును బట్టియు తనకు ప్రియమైన మొక్కను వెదకుకొనును. అట్టి మొక్కను ముందుగానే పెంచి, పురుగును అచ్చటికి రప్పించి, అచ్చటనే చంపుట ఎరపైరు పద్ధతి.

క్యాబేజీకి ఎర ఆవమొక్క. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1991లో ప్రకటించిన ప్రకారము 25 సాళ్ల క్యాబేజీకి 2 సాళ్ల ఆవాలు చాలును. మొదటి సాలును క్యాబేజీ నారు నాటుటకు 15 దినములు ముందును, రెండవ దానిని నాటిన 25 దినములకును విత్తవలెను. రెండుమారులు విత్తుట వృథాశ్రమ యని తోచవచ్చును గాని, మొదటి ఆవ ముదిరి ఎండు వేళకు రెండవది లేతగా నుండును. లేనియెడల సరిగా గడ్డ కట్టు సమయముననే క్యాబేజీకి కావలి లేకపోవును.

టమాటాకు బంతి. 16 సాళ్ల టమాటాకు 1 సాలు బంతి నాటవలెను. ఇచ్చట మెలకువ యంతయు నారు వయస్సులోనే కలదు. 40 దినముల బంతినారును, 25 దినముల టమాటానారును ఒకే దినమున నాటినచో రెండును ఒకే కాలమున పూయును. కాయతొలుచు పురుగు బంతిమొగ్గలమీద గ్రుడ్లు పెట్టును. బంతి ఆలస్యముగా పూచిన తోటకు అందమే గాని రక్షణ లేదు.

తోటచుట్టు గట్లవెంబడి ఆముదపు మొక్కలు వేసిన, పొగాకు లద్దెపురుగు ఆ ఆకులమీద గ్రుడ్లను గుంపుగా పెట్టును. పిల్లపురుగులు కొన్నాళ్లు ఒకేచోట నుండి ఆకును జల్లెడవలె చేయును. ఆ ఆకును అప్పుడే త్రుంచి నాశనము చేసిన వందల పురుగులు ఒక్కసారిగా పోవును. అవి చెదరి, పగలు మట్టిలో దాగి రాత్రి మేయ నారంభించిన పిమ్మట ఏరుట మిక్కిలి కష్టము.

ఎరపైరు వేసి మరచిన రైతునకు, వేయనివానికంటె ఎక్కువ నష్టము. వేడి దినములలో క్యాబేజీ రెక్కలపురుగు గ్రుడ్డునుండి మరల రెక్కలపురుగగుటకు రెండు మూడు వారములు చాలును. అనగా చూడక విడిచిన ఆవసాలు పురుగులకు నారుమడి యగును. కావున వారమునకు రెండుమారులైనను ఎరమొక్కలను పరీక్షింపవలెను. ఎదిగిన పురుగులను చేతితో ఏరవలెను. పురుగుపట్టిన మొగ్గలను గట్టుమీద పారవేయక పూడ్చవలెను. చిన్న పురుగులకు వేపగింజల కషాయము మంచిది. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నానబెట్టి, ఉదయమున వడగట్టి, 100 లీటర్లకు నీరు చేర్చి, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలమున ఎరపైరుమీద చల్లవలెను. ఇట్లు మందు పట్టవలసినది రెండు సాళ్లకే గాని తోటయంతటికి కాదు. ఖర్చు తగ్గుట ఇందువలననే.

వంగతోటకు మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. కొమ్మను కాయను తొలుచు పురుగు విశేషముగా వంగనే ఆశ్రయించి బ్రతుకును. వాడి వ్రేలాడు కొమ్మచివరలను పురుగుతోకూడ త్రుంచి కాల్చుటయే అచ్చట చేయదగిన పని.