రెండు పౌన్లు, రెండు షిల్లింగులు, ఏడు పెన్నీలు

(హైదరాబాదులో చేసిన స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



మాస్టారి పేరిట జరిగే సభలో కార్ల గురించి, అందులోనూ రోల్స్ రాయిస్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. న్యాయమే. మాస్టారు పదవీ విరమణ దాకా సైకిలు దిగలేదు. కానీ ఆయన దగ్గర మెకానికల్ ఇంజనీరింగు చదివినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. యంత్రం ఎంత గొప్పదో తేల్చుకోవాలంటే కేటలాగు మూసేసి రిపేరు పద్దు అడగమని ఆయన మొదటి క్లాసులోనే మాకు చెప్పిపెట్టారు. అలాంటి పద్దును దాచుకోకుండా, తనంతట తానే ఊరంతా చాటి పేరు తెచ్చుకున్న కంపెనీ ఇది. మాస్టారికి ఈ కథ నచ్చేది.

రాయిస్, రోల్స్ ఎలా కలిశారో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకరు పత్రికలు అమ్మి, టెలిగ్రాములు పంచి, అత్త దగ్గర డబ్బు అయిపోవడంతో అప్రెంటిస్‌షిప్ మధ్యలో వదిలేసి, మాంచెస్టరులో డైనమోలూ విద్యుత్ క్రేన్లూ చేసుకుంటున్న మనిషి. రెండోవారు ప్రభువుగారి అబ్బాయి, కార్ల వ్యాపారి. 1904 మే 4న మిడ్‌లాండ్ హోటల్లో కలుసుకున్నారు, 1906 మార్చిలో కంపెనీ పెట్టారు. పేదవాడి చేతి పని, ధనవంతుడి పలుకుబడి కలిశాయని ప్రతి పుస్తకమూ ఇక్కడ ఒక అధ్యాయం రాస్తుంది. నేను రాయను. ఎందుకంటే ఆ ఇద్దరి వల్లే ఆ కీర్తి రాలేదు.

మూడో మనిషి క్లాడ్ జాన్సన్. రోల్స్‌కూ రాయిస్‌కూ మధ్య ఉండే చిన్న గీత ఆయనేనని అప్పట్లో అనేవారు. బ్రిటన్ ఆటోమొబైల్ క్లబ్బుకు మొదటి కార్యదర్శి. 1900లో ఆ క్లబ్బు తరఫున వెయ్యి మైళ్ళ పోటీ నడిపించింది ఆయనే. అప్పటికి మోటారు కారంటే దుమ్ము, శబ్దం, దారిలో ఆగిపోయే ఇనప సామాను. ఆ బండ్లను ఊరూరా తిప్పి, జనం చూస్తుండగా కొండలెక్కించి, ఎవరు ఎక్కడ ఆగారో కాగితం మీద రాయించాడు. ఆ పోటీలో బంగారు పతకం కొట్టిన కుర్రవాడు చార్లెస్ రోల్స్. అంటే జాన్సన్ రోల్స్ దగ్గర చేరకముందే ఒక సంగతి పట్టుకున్నాడు. కారు మీద నమ్మకం అమ్మేవాడి మాట వల్ల రాదు, బయటివాడు వచ్చి కొలిచి సంతకం పెడితే వస్తుంది.

ఇక 1906 దగ్గర కొంచెం నిలబడాలి. నా పరిశోధనంతా అక్కడే కనుక ఓపిక పట్టండి. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజనంటే కొనేవాళ్ళకు మోజు, చేసేవాళ్ళకు దడ. సిలిండర్లు పెరిగితే క్రాంక్ షాఫ్టు పొడుగవుతుంది. పొడుగు షాఫ్టు ఒక్కో సిలిండరు పేలినప్పుడల్లా కాస్త మెలితిరిగి వెనక్కి వస్తుంది. ఏదో ఒక వేగం దగ్గర ఆ మెలికల ఊపు ఒకదాని మీద ఒకటి ఎక్కి, షాఫ్టు పుటుక్కున విరుగుతుంది. రాయిస్ అంతకుముందు చేసిన 30 హార్స్ పవర్ కారునూ ఈ జబ్బు వదల్లేదు. కొత్త 40/50 ఇంజనులో ఆయన సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోశాడు, షాఫ్టును లావు చేసి ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టాడు. ఇంజను పరిమాణం 7,036 సీసీ. వణుకు పోయింది. అయితే వణుకు పోయిన సంగతి ప్రపంచానికి ఎవరు చెప్పాలి? ఆరు సిలిండర్ల కారంటే అప్పటికే నేపియర్‌ది పెద్ద పేరు. ఆ పేరును పెంచుతున్నవాడు ఎస్.ఎఫ్. ఎడ్జ్, ప్రచారంలో జాన్సన్‌కు ఏమాత్రం తీసిపోడు.

జాన్సన్ 60551 నంబరు 40/50 చాసీని ఎంచుకున్నాడు. బార్కర్ కంపెనీ చేత పైకప్పు లేని బాడీ కట్టించి, వెండి రంగు వేయించి, పైనున్న సామానుకు వెండి పూత పెట్టించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు చెక్కించాడు. రిజిస్ట్రేషన్ ఏఎక్స్ 201. సోకులు ఇక్కడితో అయిపోయాయి. 1907లో ఆ బండిని తన పాత క్లబ్బే అయిన రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల చేతిలో పెట్టాడు. మొదట రెండు వేల మైళ్ళు, తర్వాత స్కాట్లండ్ పోటీ, అది ముగిశాక కూడా ఇంటికి తీసుకుపోకుండా లండన్ నుంచి గ్లాస్గోకు, గ్లాస్గో నుంచి లండన్‌కు పగలూ రాత్రీ తిప్పుతూనే ఉన్నారు. ఆదివారాలు మాత్రం సెలవు. చక్రం పట్టినవాళ్ళలో రోల్స్ ఉన్నాడు, జాన్సన్ కూడా ఉన్నాడు. మొత్తం పదిహేను వేల మైళ్ళ పరీక్ష. 629వ మైలు దగ్గర అదురుకు పెట్రోలు కుళాయి తనంతట తానే మూసుకుపోయి బండి ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్ళు దారిలో తనకు తానుగా ఆగలేదు.

నన్నడిగితే అసలు పరీక్ష దీని తర్వాత మొదలైంది. అక్కడితో బాకా ఊది ఊరుకునేవాడు మామూలు వ్యాపారి. జాన్సన్ బండిని క్లబ్బు ఇంజనీర్లకు అప్పగించి, మొత్తం విప్పి, అరిగిన ప్రతి ముక్కనూ కొలిచి, కొత్త బండిలా చేయడానికి ఏయే భాగాలు మార్చాలో, వాటి ఖరీదెంతో రాసిమ్మన్నాడు. లెక్క తేలింది. రెండు పౌన్లు, రెండు షిల్లింగులు, ఏడు పెన్నీలు. ఒక్క చాసీ ఖరీదే 985 పౌన్లు ఉన్న బండికి! ప్రపంచంలోకెల్లా మేలైన కారని కంపెనీ చెప్పుకోవడం వెనక మొదట్లో ఉన్న ఆధారం ఈ చిల్లర లెక్క. రాయిస్ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అంతటి పనితనం చూపినవాళ్ళు అప్పట్లో ఇంకా ఉన్నారు, ఇంజనీరు లాంచెస్టర్ రాయిస్ కంటే పెద్ద బుర్ర అని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు. అరుగుదలను కొలిపించి సంతకం పెట్టించిన మనిషి మాత్రం వాళ్ళకు దొరకలేదు.

1908లో మిగతా నమూనాలన్నీ ఆపించి 40/50 ఒక్కటే చేద్దామన్నదీ జాన్సనే. 1910 జులై 12న బోర్న్‌మత్‌లో విమానం తోక విరిగి రోల్స్ ముప్ఫయి రెండేళ్ళకే పోయాడు. మరుసటి ఏడాది రాయిస్ ఆరోగ్యం కుప్పకూలితే ఆయన్ను ఈజిప్టుకూ దక్షిణ ఫ్రాన్సుకూ తీసుకెళ్ళి బతికించుకున్నదీ జాన్సనే. ఆ తర్వాత రాయిస్ డెర్బీలోని కంపెనీ ఫ్యాక్టరీకి దూరంగా ఉండే డిజైన్లు పంపాడు. 1911లో శిల్పి చార్లెస్ సైక్స్ చేత రేడియేటరు మీద బొమ్మ చేయించిందీ జాన్సన్. కొన్నవాళ్ళు తమకు తోచిన వెకిలి బొమ్మలు తగిలిస్తుంటే చూడలేక చేయించాడు. ఆ బొమ్మ వెనక రూపం ఎలినార్ థార్న్‌టన్‌ది అంటారు. ఆమె లార్డ్ మాంటేగు కార్యదర్శి. 1915 డిసెంబరులో ఆయనతో ఇండియాకు ఓడలో వస్తుండగా క్రీట్ దగ్గర టార్పెడో తగిలి పర్షియా ఓడ మునిగింది. ఆయన బతికాడు, ఆమె బతకలేదు.

ఇండియా మాట వచ్చింది కనుక మన ఊరికి వద్దాం. 1908లోనే ఒక 40/50, అంటే సిల్వర్ ఘోస్ట్ రకం కారు, బొంబాయి దగ్గర పోటీలో ఘాట్లు ఎక్కి గెలిచింది, దాన్ని గ్వాలియర్ మహారాజు కొనుక్కున్నాడు. ఇది జాన్సన్ పద్ధతే, ముందు కొండ, తర్వాత అమ్మకం. 1911 ఢిల్లీ దర్బారుకు ఎనిమిది తెప్పించారు. అక్కడ కొండ లేదు, ఊరేగింపు ఉంది. మన చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు పచ్చ కారు మీరంతా చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, బార్కర్ బాడీ, వెనక సింహాసనంలా ఎత్తు సీటు. ఆర్డరు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. అది ఇక్కడికి చేరకముందే, 1911 ఆగస్టులో ఆయన పోయారు. కారు ఉస్మాన్ అలీ ఖాన్‌కు వచ్చింది. ఇన్ని దశాబ్దాల్లో అది తిరిగింది నాలుగు వందల మైళ్ళయినా లేదు. ఏఎక్స్ 201 ఆ దూరాన్ని గ్లాస్గో రోడ్డు మీద ఒక్క విడతలో తినేసింది. రెండూ ఒకే 40/50 నమూనా. మొదటిది తిరిగి పేరు తెచ్చింది. రెండోది తిరగకుండా ఆ పేరు వాడుకుంది. రోల్స్ రాయిస్ ఖ్యాతి చరిత్ర అంతా నా దృష్టిలో మొదటి లెక్క నుంచి రెండో లెక్కకు జారడమే.

ఇప్పుడు చెత్తబండి సంగతి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయినా ఇది వదిలిపెట్టను. నాతో పాతికేళ్ళుగా దీని మీద తగువు పడుతున్న మిత్రులు మూడో వరుసలో కూర్చున్నారు. కథ మీకు తెలుసు. మన మహారాజు మామూలు దుస్తుల్లో లండన్ షోరూముకు వెళ్తాడు, సేల్స్‌మన్ బయటికి పొమ్మంటాడు, రాజు రాజులా తిరిగి వచ్చి ఉన్న కార్లన్నీ కొని మన దేశానికి తెచ్చి మునిసిపాలిటీ చెత్త ఎత్తిస్తాడు, కంపెనీ పరువు పోయి క్షమాపణ రాసి కార్లు ఉచితంగా ఇస్తుంది. రాజు ఎవరు? అల్వార్ జయ్ సింగ్ అని ఒకరు, పటియాలా భూపీందర్ సింగ్ అని ఒకరు, భరత్‌పూర్ అని మరొకరు. మన దగ్గరికొస్తే నిజాం! ఉస్మాన్ అలీ ఖాన్ సముద్రం దాటి వెళ్ళిన మనిషే కాదు. ఇక కాండ్యూట్ స్ట్రీట్ షోరూము మెట్లు ఎప్పుడెక్కాడు?

అది పక్కన పెట్టినా, ఆనాటి అమ్మకం పద్ధతి తెలిసినవాడికి ఈ కథ మింగుడుపడదు. కంపెనీ అమ్మేది చాసీ. బాడీ కట్టేది బార్కరో హూపరో, కొన్నవాడి కొలతలకు, కోరికలకు తగ్గట్టు నెలల తరబడి. అలిగి డబ్బు విసిరి ఉన్న కార్లన్నీ తోలుకుపోవడానికి అది గాజుల అంగడి కాదు. ఒక్కో చాసీకి ఒక కార్డు ఉంది, నంబరుతో, కొన్నవాడి పేరుతో, చేసిన మార్పులతో. ఇంగ్లండులో పాలర్స్‌పరీ దగ్గర హంట్ హౌస్‌లో ఆ కార్డులు భద్రంగా ఉన్నాయి. చెత్తబండి కథ చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఇంతవరకు ఒక్క చాసీ నంబరు చూపలేదు. ముందు చక్రాలకు చీపుళ్ళు కట్టిన కారు ఫోటో చూపిస్తారు. ఆ చీపుళ్ళు రోడ్డు ఊడవడానికి కాదు, పాలస్తీనా అల్లర్లలో దారి మీద చల్లిన మేకులు టైర్లకు గుచ్చుకోకుండా తోసేయడానికి.

మా మిత్రుల జవాబు నాకు తెలుసు. కాగితం లేనంత మాత్రాన జరగలేదనలేం, తెల్లవాళ్ళు తమ అవమానాన్ని తామే రాసి పెట్టుకుంటారా అంటారు. ఆ మాటకు బలం లేదనను. వలస పాలనలో రాసిపెట్టనిది చాలా జరిగింది. కానీ ఈ కథలో ఎవరు గెలిచారో చూడండి. చెత్త పోస్తే ప్రపంచమంతా విస్తుపోయేంత గొప్ప వస్తువు అది అని కథే ఒప్పుకుంటోంది. పగ తీర్చుకున్నది మనం అనుకుంటున్నాం గానీ, పైసా ఖర్చు లేకుండా వంద దేశాల్లో ప్రకటన వేయించుకున్నది కంపెనీ. జాన్సన్ కూడా ఇంతకన్నా మేలైనది రాయించలేడు. ఒకే తేడా, ఆయన ప్రకటనలో లెక్క ఉండేది.

జాన్సన్ 1926లో పోయాడు. గంట కొట్టారు, ఇక పరుగే.

మొదటి యుద్ధంలో ఇవే చాసీలు సాయుధ కార్లయ్యాయి. ఫాంటమ్‌ల వరుస, మసాచుసెట్స్‌లో పెట్టి మూసిన ఫ్యాక్టరీ, ఎవరెవరి బాడీలు ఎంత అందం అన్న చర్చ, నాకు వాటి మీద పెద్ద మక్కువ లేదు, ఇష్టమున్నవాళ్ళకు లావుపాటి పుస్తకాలున్నాయి. 1931లో బెంట్లీని కొన్నారు. 1933లో రాయిస్ పోయాడు. ఆయన మరణానికి సంతాపంగా ముద్రలోని ఎర్ర అక్షరాలు నల్లబడ్డాయన్నదీ కట్టుకథే, ఎరుపు కొన్ని బాడీ రంగులకు నప్పక ఆ మార్పు ఆయన ఉండగానే నిర్ణయమైంది. రెండో యుద్ధంలో మెర్లిన్ విమాన ఇంజను. దాని గురించి వేరే రోజు. యుద్ధం తర్వాత కార్లు క్రూ పట్టణానికి వెళ్ళాయి. 1958లో డేవిడ్ ఓగిల్వీ అమెరికాలో వేసిన ప్రకటన శీర్షిక ఇంజను గురించి కాదు, కారులోని గడియారం చప్పుడు గురించి. అప్పటికే రిపేరు పద్దు ఎవరికీ అక్కర్లేదు.

1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా తీసింది. కార్ల వల్ల కాదు, లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ 211 ఇంజను చేయబోయి మునిగింది. ప్రభుత్వం ఆదుకుంది, కార్ల విభాగం 1973లో విడిపోయింది, 1980లో వికర్స్ చేతికి పోయింది. 1998లో జరిగింది మాత్రం మాస్టారికి చెప్పి ఉంటే పడీపడీ నవ్వేవారు. ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌన్లు పోసి ఫ్యాక్టరీ, డిజైన్లు, రేడియేటరు మీది బొమ్మతో సహా కొనుక్కుంది. కానీ పేరు విమాన ఇంజన్ల కంపెనీ దగ్గర ఉండిపోయింది. బీఎండబ్ల్యూ 4 కోట్ల పౌన్లిచ్చి ఆ పేరు తెచ్చుకుంది. చివరికి బొమ్మను కూడా వదులుకున్న ఫోక్స్‌వాగన్‌కు బెంట్లీ మిగిలింది. 2003 జనవరి నుంచి గుడ్‌వుడ్‌లో బీఎండబ్ల్యూ కొత్త ఫ్యాక్టరీ, కొత్త ఫాంటమ్. పాత కంపెనీ నుంచి అక్కడికి వచ్చినది దాదాపుగా పేరు, బొమ్మ, అంతే. 2023లో 6,032 కార్లు అమ్మారు. విద్యుత్తుతో నడిచే స్పెక్టర్ కూడా అదే ఏడాది రోడ్డెక్కింది. 1900లోనే రోల్స్ విద్యుత్ కార్లకు చప్పుడూ వాసనా లేవని మెచ్చుకుని, ఛార్జింగ్ సదుపాయం వచ్చేదాకా పనికిరావన్నాడు.

సమయం దాటిపోయింది. స్పెక్టర్‌ను విప్పి, అరుగుదల కొలిచి, బయటివాళ్ళ సంతకంతో లెక్క ప్రచురిస్తే నేను ఇంకో ఉపన్యాసానికి వస్తాను. ప్రశ్నలకు పది నిమిషాలున్నాయట. మూడో వరుస మిత్రులు అప్పుడే లేస్తున్నారు. చెత్తబండి గురించే అయితే చాసీ నంబరుతో సహా అడగండి.