తీతువు పిట్టను గుర్తించుట



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో నడిరేయి తీతువు కూసినచో, ఇంట రోగి యున్నవారి గుండె గుభేలుమనును. ఆ పిట్టను కనులార చూచినవారు మాత్రము అరుదు.

ఈ సీమలో తీతువులు రెండు తెగలు. తుంగభద్ర దిగువ కాలువ నీరు పారు వరిమళ్లలోను, చెరువుల యంచునను, హంద్రిపై గల గాజులదిన్నె జలాశయపు బురదలోను తిరుగునది ఎఱ్ఱతిత్తి తీతువు. పొడవు అడుగునకు కొంచెము ఎక్కువ. తల, కంఠము, రొమ్ము నలుపు. కంటి వెనుకనుండి మెడప్రక్కగా తెల్లని పట్టె దిగును. కంటి ముందు ఎఱ్ఱని కండతిత్తి యుండును. ముక్కు ఎఱుపు, కొన నలుపు. కాళ్లు పొడవుగా, పసుపువన్నె. రెండవది పసుపుతిత్తి తీతువు. అది కొంచెము చిన్నది. రొమ్ము మట్టిరంగు, తలపై నల్లని టోపి, దాని క్రింద తెల్లని అంచు. అది నీటికి దూరముగా బీళ్లలోను, మెట్టచేలలోను మసలును.

కొంగ నీటిలో కదలక కాచును. తీతువు నాలుగడుగులు పరుగిడి, ఆగి, వంగి పురుగును పొడుచును. ఇది చాలును, దూరమునుండియే పోల్చవచ్చును.

ఇక రాత్రి కూత సంగతి. తీతువు వెన్నెలలో గూడ మేయును. నక్క గాని, కుక్క గాని, మనిషి గాని దాపునకు వచ్చినచో అరచును. రోగి యున్న యింట దీపము తెల్లవార్లు వెలుగును, బంధువుల రాకపోకలు సాగును. ఆ అలికిడికి చేనిగట్టున నున్న పక్షి బెదరి కూయుటలో వింత యేమి? అన్ని రాత్రులును అది కూయుచునే యుండును, మేలుకొన్నవారే విందురు. అంతమాత్రమునకే దానిపై రాళ్లు రువ్వుట అన్యాయము.

పంచతంత్రములో గ్రుడ్లకొఱకు సముద్రముతోనే తగవు పెట్టుకొన్న టిట్టిభము ఈ జాతిదే. కాళ్లు పైకెత్తి పరుండి ఆకాశమును మోయునను మాట మాత్రము వట్టి చమత్కారము! గ్రుడ్లపై మమకారము నిజము. వేసవిలో నేలపై చిన్న గుంట చేసి, గులకరాళ్ల నడుమ సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. మట్టివన్నెపై నల్లమచ్చలు గల ఆ గ్రుడ్లు కాలి క్రింద పడువరకు కానరావు. ఎండ మండునపుడు తల్లియు తండ్రియు నీటిలో పొట్టయీకలు తడిపికొని వచ్చి వానిని చల్లబరచును. ఇట్లు సుమారు నాలుగు వారములు పొదుగవలెను.

దుక్కి దున్నువాని తలపైకి తీతువు అరచుచు దూకినచో, గూడు ఆ చెంతనే యున్నదని తెలియవలెను. అచట ఒక పుల్ల పాతి, మడకను ప్రక్కకు త్రిప్పిన చాలును. పిల్లలు పుట్టిన కొలది సేపటికే నడువగలవు. తల్లి అరుపు వినినంతనే నేలను కరచుకొని, రాళ్లలో రాళ్లవలె కదలక పడియుండును.